నీలం గుళికలు

మ్యూజియంలో ఏ దేశపు మాస్కైనా నా చేతి మీదుగానే అద్దాల పెట్టెలోకి వెళ్తుంది. ప్రతి పెట్టెలోనూ చెమ్మ పీల్చే నీలం గుళికలు పోస్తాను. చెమ్మ తగిలితే అవి గులాబీ రంగుకు తిరుగుతాయి. ఒకప్పుడు ఎవరో మాంత్రికుడు తొడుక్కున్న కొయ్య మాస్కు పెట్టెలో మాత్రం రాత్రికి రాత్రే తిరుగుతున్నాయి, అదీ నోటి దగ్గరవే.

"పెట్టెకి ఎక్కడో సందుంది," అన్నాను కాపలా తాతతో.

"సందుంటే అన్నీ తిరగాలి కదమ్మా? ఊపిరి తగిలినవే తిరుగుతున్నాయి. దాన్ని తెరవకు."

"చాల్లే తాతా, నీ చాదస్తం!" అని కసిరి, మూత తీసి, కొత్త గుళికలు పోసి, అంచుకి కొత్త రబ్బరు వేసి బిగించాను.

ఈ రాత్రి చూద్దును కదా, గుళికలన్నీ నీలంగానే ఉన్నాయి. తాతని పిలిచి చూపిద్దామనుకునేలోగా నా కళ్లద్దాలు మసకబారాయి. తీసి చూశాను.

ఆవిరి నా వైపు లేదు. బయటి వైపుంది.