అయిదు దాటిన తీగ

"నీ పెళ్లాం కరెంటు తాగేస్తోందిరా."

అన్న ఈ మాట తమ్ముడితో అన్నాడు. వినాల్సింది మాత్రం ముందు గదిలో కుట్టుమిషను దగ్గరున్న మరదలు. వాళ్లిద్దరూ నేరుగా మాట్లాడుకోవడం మానేసి చాలా కాలమైంది. మధ్యలో తమ్ముడు టెలిఫోను తీగలా బతుకుతున్నాడు.

"తాగితే కడుపు నిండాలి కదా, అడగండి బావగారిని," అంది ఆమె మిషను ఆపకుండానే.

అన్నగారిది స్టీలు సామాన్ల టోకు వ్యాపారం. ఆయనకి గోడౌను కావాలి. ఇంట్లో వెనక వాటా ఆయనది, ముందు వాటా తమ్ముడిది. ముందు గది రోడ్డు మీదికి ఉంది. లారీ గుమ్మం దాకా వస్తుంది. అలాంటి గదిలో కూర్చుని బట్టలు కుట్టడం ఆయన లెక్కలో దుబారా. కనెక్షను ఆయన పేరు మీదే ఉంది. కరెంటు పోతే మిషను ఆగుతుంది, మిషను ఆగితే మరదలికి ఆ గదితో పనుండదు.

మనిషిని నమ్మడం కంటే అంకెని నమ్మడం చౌక. అన్న బజారుకెళ్లి అగ్గిపెట్టెంత డిజిటల్ మీటరు కొనుక్కొచ్చాడు. షాపులో ఉన్న వాటిలో అదే చవకది. దానికో రింగు. తీగని ఆ రింగులోంచి పోనిస్తే ఎన్ని ఆంపియర్లు లాగుతోందో మీటరు ఎర్రటి అంకెల్లో చూపిస్తుంది.

తన కొట్టులోని టిఫిన్ డబ్బాకి కిటికీ కోసి, మీటరుని అందులో బిగించాడు. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె పెట్టి పరీక్షించాడు. 4.3 రావాలి, 3.9 వచ్చింది. వెనకున్న బుల్లి మరని సన్న స్క్రూడ్రైవరుతో అటూ ఇటూ తిప్పి సరిగ్గా 4.3కి తెచ్చాడు. తూకంలో ఆయన ఒకర్ని మోసం చెయ్యడు, తను మోసపోడు.

డబ్బా నడవ గోడకెక్కింది. రింగు బోర్డులోకెళ్లింది. బోర్డుకి తాళం పడింది.

"ఏ తీగకి పెట్టావన్నయ్యా?" అన్నాడు తమ్ముడు.

"మీ తీగకేరా. కనుక్కోవడం ఎంతసేపు? రెండు తీగలూ చూశా, దొంగ ఎవరో అంకే చెప్పింది."

పక్క వీధిలో ఉండే మేనత్తని మధ్యవర్తిగా పిలిచారు. ఆవిడ అన్నదమ్ములిద్దర్నీ ఎదురుగా నిలబెట్టింది.

"అయిదు దాటితే తీగ కోసెయ్యడమే. కోసిన తీగ మళ్లీ అతికించేది లేదు. సరేనా?"

"సరే అత్తయ్యా. రేపు నువ్వే మెత్తబడి అతికించమన్నా నేను వినను," అన్నాడు అన్న.

మరదలు మర్నాడే ఇస్త్రీ మానేసింది. ఫ్యాను కట్టేసి చెమటతో కుట్టింది.

అయినా అంకె మారలేదు. పగలంతా రెండు దగ్గర బుద్ధిగా ఉండేది. అన్న కొట్టు మూసి ఇంటికొచ్చి, గీజరు వేసుకుని వేడినీళ్లతో స్నానం చేసి నడవలోకొచ్చేసరికి ఏడు దగ్గర ఆడేది.

"నేను లేనంతసేపూ ఒళ్లు దగ్గర పెట్టుకుంటారు. నేను రాగానే పెంచుతారు. నన్ను ఏడిపించడానికేరా ఇదంతా."

సాక్షి లేని అంకె చెల్లదు కాబట్టి, ఒక సాయంత్రం మేనత్తని తీసుకొచ్చి డబ్బా ముందు నిలబెట్టాడు. ఆవిడ కళ్లద్దాలు తుడుచుకుని మరీ చూసింది.

"ఆరు పాయింటు ఎనిమిది. ఇంక నా చేతుల్లో ఏముంది?"

"అన్నయ్యా, ఒక్కసారి ఆ బోర్డు నన్ను చూడనీ."

"చూసి ఏం చేస్తావు, దండం పెడతావా? తప్పుకో."

అన్న తాళం తీసి, చెక్క స్టూలు ఎక్కాడు. చేతిలో రబ్బరు పిడి ఉన్న కటింగ్ ప్లేయరు. వెనక గదిలో టీవీలో ఎవరో పగలబడి నవ్వుతున్నారు. ముందు గదిలో మిషను చప్పుడు.

"ఆపమ్మాయీ, తీగ కోస్తున్నాడు," అంది మేనత్త.

"కోసుకోమనండి బావగారిని. ఈ కుట్టు పూర్తిచేసి లేస్తా."

"చూశావా అత్తయ్యా ఆ పొగరు?" అంటూ అన్న రింగులోంచి పోతున్న తీగని ప్లేయరుతో పట్టి గట్టిగా నొక్కాడు.

ఆయన నెత్తి మీద ఫ్యాను నెమ్మదించి ఆగింది, వెనక గదిలో టీవీ నవ్వు మధ్యలోనే తెగింది, ముందు గదిలో కుట్టుమిషను మాత్రం టకటకా నడుస్తూనే ఉంది.