కంబన్న గెలిచిన దావా

కంబన్నకు కోర్టు సమను వచ్చింది. భార్య ఉరుకుందమ్మ మనోవర్తి దావా వేసింది. పోషణకు నెలకు ముప్పై రూపాయలు ఇప్పించమంది.

ఆమెను పుట్టింటికి తరిమి నాలుగేళ్లయింది. ఏలుకోలేదు, వదిలెయ్యనూ లేదు. కొత్త చట్టం వచ్చింది, విడాకులిచ్చెయ్యమని పెద్దమనుషులు చెబితే, "నేను కట్టిన తాళి. సచ్చేదాకా మెడలో మోసుకుంటా ఆడ్నే పడుండనీ" అన్నాడు. అంతటి దయామయుడు. నాలుగేళ్లలో ఒక్క గింజ పంపిన పాపాన పోలేదు.

సమను పట్టుకుని కర్నూలుకు పరుగెత్తాడు. ఊరు రాజధాని అయ్యాక వకీళ్లకు కొదవా? ఒకాయన ఫీజు జేబులో వేసుకుని దారి చూపించాడు.

"పెండ్లే కాలేదను. పెండ్లి లేకుంటే పెండ్లాం యాడిది? పెండ్లాం లేకుంటే మనోవర్తి యాడిది?"

కంబన్నకు ప్రాణం లేచొచ్చింది. పెళ్లి చేయించిన అయ్యవారు ఎప్పుడో పోయాడు. ఆ పెళ్లిలో మూడు బంతుల్లోనూ కూర్చుని తిన్న సుంకప్ప, బస్తా కొర్రలు పుచ్చుకుని బోనెక్కి, అసలు ఆ పెళ్లే ఎరగనన్నాడు.

ఉరుకుందమ్మకు సాక్షి అన్నవాడే లేడు. సొంత అన్న సోమన్న వరండాలో బీడీ కాలుస్తూ కూర్చున్నాడు గానీ లోపలికి రాలేదు. రెండో వాయిదాకు ఆమె మెడలో తాళి కూడా లేదు. దేవుడు తన పక్షమేనని కంబన్న మురిసిపోయాడు.

ఆమెకు వకీలూ లేడు. తనే లేచి ఒక్క ప్రశ్న అడిగింది.

"దేవునితోడుగా చెప్పప్పా. నేను నీ పెండ్లాం కాదా?"

"కానే కాదు! నువ్వెవరో నాకు తెల్దు. నీకూ నాకూ ఏ సంబంధమూ లేదు!"

"దొరా, ఆ మాట ఇడిచిపెట్టకుండా రాసుకోండి" అంది ఆమె మేజిస్ట్రేటుతో.

రాసుకున్నారు. పెళ్లి రుజువు కాలేదని దావా కొట్టేశారు.

కంబన్న మీసం దువ్వుకుంటూ బయటికొచ్చాడు. ఆమె ఏడుస్తుంటే కళ్లారా చూద్దామని ఆగాడు. ఏడుపు లేదు. ఆమె గుమాస్తా ముందు నిలబడి తీర్పు నకలుకు అర్జీ పెడుతోంది.

"ఓడిపోయిన కాగితం ఏం చేసుకుంటావే?" అని నవ్వాడు.

ఉరుకుందమ్మ కూడా నవ్వింది.

"విడాకుల దావా అయితే ఏండ్లు పట్టేదంట, పెండ్లే కాలేదని నువ్వు మూడు నెలల్లో తేల్చి పెట్టినావు, వచ్చే నెల ఒంటిమిట్ట రామయ్య గుడిలో నా తొలి పెండ్లి, వచ్చి నాలుగు అక్షింతలు ఏసి పో అప్పా!"