మిగిలిన మేత

నీ చెట్టుకప్పని పన్నెండు రోజులు పస్తు పెట్టింది నేనే హారికా. మీ హాస్టల్లో ఫోన్ ఇవ్వరు కాబట్టి కార్డు మీద రాస్తున్నా.

దాని థర్మాకోల్ పెట్టెలో నువ్వు పెట్టిన చిన్న పళ్లెం ఉంది కదా. మిడతలు ఎగిరిపోతున్నాయని చంపి అందులో వేశాను. పొద్దున చూస్తే అలాగే ఉన్నాయి. రొయ్యల చెరువు మీద నాకు నేర్పింది ఒకటే. మేత వేసి నీళ్లలోకి దించిన చెక్ ట్రే పైకి లాగినప్పుడు అందులో మేత మిగిలి ఉంటే, మర్నాడు మేత తగ్గించాలి. ఇక్కడా అదే చేశాను. నాలుగు మిడతలు రెండయ్యాయి, రెండు ఒకటయ్యాయి. కప్ప చిక్కి సగమైంది.

నిన్న అమ్మ చూసి తిట్టింది. "అదేమన్నా రొయ్యనుకున్నావేంట్రా? కదలనిది దాని కంటికి ఆనదు. నీకు కళ్లున్నాయిగా."

మిడతను చీపురుపుల్లకి గుచ్చి పళ్లెంలో ఆడించాను. ఒక్క గెంతులో లాక్కుంది. ఇవాళ నేను పుల్ల కదపకముందే వచ్చి పళ్లెం దగ్గర కూర్చుంది.

అది తింటుంటే నీ కంచం గుర్తొచ్చింది. కిందటి వారం మీ వార్డెన్ గారు ఫోన్ చేశారు. "మీ చెల్లెలు కంచంలో అన్నం అలాగే వదిలేస్తోందండీ" అన్నారు. "ఆకలి లేదేమోనండీ, తగ్గించి పెట్టండి" అన్నాను. అప్పుడు చెరువు మీదే ఉన్నాను, ట్రే చేతిలోనే ఉంది. నీకేమైందని ఒక్క మాట అడగలేదు. తన్నాల్సింది నన్ను.

ఎందుకు తినడం లేదో రాయి. శనివారంలోగా నీ కార్డు రాకపోతే, ఆదివారం కైకలూరులో మొదటి బస్సెక్కి తాడేపల్లిగూడెం వచ్చి మీ గేటు ముందు నిలబడతా.

చిన్నరాజు అన్నయ్య