గుమ్మం పక్కన ఆవిడ

గ్రంథాలయంలో ఊరి పాత ఫోటోలు గోడకు పెట్టి, పేరు తెలియని ముఖాల కింద "ఎవరో తెలిస్తే రాసి వేయండి" అని రేకు పెట్టెలు తగిలించాం. తొంభై ఏళ్లనాటి ఫోటోలో గుమ్మం పక్కన నిల్చున్న ఆవిడ పెట్టెలో మూడు రోజులుగా ఒకటే చేతిరాతతో చీటీ పడుతోంది: "నేనే."

కాపలా తాతను నిలదీశాను. "ఈ వేళాకోళం నీదే కదూ?"

"నాకు అక్షరం ముక్క రాదమ్మా!"

"అయితే ఎవరిచేతో రాయించి ఉంటావు."

తాత ముఖం చిన్నబోయింది. అయినా నమ్మలేదు. ఆ రాత్రి పెట్టె ఖాళీ చేసి, ఆయన్ని ముందు బయటికి పంపి, తాళం నేనే వేశాను.

లోపల రేకు మూత టప్పుమంది. ఇద్దరమూ విన్నాం.

తలుపు తీసి, లైటు వేసి, పెట్టె తెరిచాను. అదే చేతిరాత. సిరా ఇంకా ఆరలేదు.

"పాపం, తాతను అనకండి."