మేకులకు ఆగని టైర్లు

మిల్లు గేటు దగ్గర సమ్మెలో కూర్చున్న నాన్న నా ఆఫీసుకు ఫోన్ చేశాడు.

"మమ్మల్ని తరమడానికి సైన్యం వాళ్ల ఉక్కుబండిని పంపారు తల్లీ! ఎనిమిది చక్రాల ఏనుగనుకో. రోడ్డు నిండా మేకులు పరిచాం. టైర్లన్నీ తుస్సుమన్నాయి, అయినా వచ్చేస్తోంది. ఇంజనీరమ్మవి కదా, ఎలా ఆపాలో చెప్పు."

"అది ఆగదు నాన్నా. గాలి పోయినా నడిచేలా టైరు లోపల గట్టి రబ్బరు వలయం ఉంటుంది. మీరంతా తప్పుకోండి!"

"ఒరేయ్, లేవండ్రా! మా అమ్మాయి చెప్పింది, ఇక మన పప్పులుడకవు!" అని నాన్న అరిచాడు. పరుగుల చప్పుడు వినిపించింది.

తర్వాత ఆయాసపడుతూ అన్నాడు. "నిన్ను చదివించింది ఇందుకేనమ్మా. ఇవాళ మమ్మల్నందర్నీ బతికించావు."

ఆ వలయం డిజైన్ నేను గీసిందే. బాగా కుదిరిందని నిన్ననే ఆఫీసంతా చప్పట్లు కొట్టింది.

"వింటున్నావా తల్లీ?"