మిక్సర్ మీది చివరి బటన్

“సౌండ్ పెంచకపోతే పిలగాన్ని తీస్కొని ఎల్లిపోతం!” మొయినాబాద్ ఫంక్షన్ హాల్లో పెళ్ళికొడుకు మేనమామ గర్జించాడు.

పెళ్ళికూతురి తండ్రి, మాజీ సర్పంచ్ బాల్‌రాజ్ సౌండ్ ఆపరేటర్ దగ్గరికి ఉరికాడు. “అంతయ్యా, జర పెంచు!”

పెంచితే పంతులు మైకు కూతపెట్టి పరువు తీస్తుందని అంతయ్యకు తెలుసు. ఇలాంటి పెద్దమనుషుల కోసమే మిక్సర్ చివరన ఏ వైరుకూ కలపని బటన్ ఒకటి ఉంచుకున్నాడు.

“మీ చేత్తోనే తిప్పుండ్రి, సాబ్.”

బాల్‌రాజ్ అందరికీ కనబడేలా తిప్పాడు.

“గిట్లుండాలె!” మేనమామ ఈల వేశాడు.

అంతయ్య మీసాల చాటున నవ్వుకున్నాడు. ఇంతలో బాల్‌రాజ్ పెద్దమ్మ చెవులు మూసుకొని వచ్చింది.

“గుండె అదురుతున్నది బిడ్డా! తగ్గియ్యకపోతే తినకుంటనే పోత.”

బాల్‌రాజ్ అదే బటన్‌ను వెనక్కి తిప్పాడు.

“ఇగో, ఇప్పుడు పానం నిమ్మలమైంది,” అంటూ ఆమె భోజనాల వైపు వెళ్ళింది.

బాల్‌రాజ్ అంతయ్య చెవి దగ్గరికి వంగాడు. “దీనికి వైరే లేదు గదా?”

అంతయ్య అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “మీకెట్ల తెలిసింది సాబ్?”

“పదేండ్లు సర్పంచ్‌గ గిసొంటియే తిప్పిన. జర పెద్దది పెట్టియ్యి, ఎనుక కుర్చీలోళ్ళకు కనవడ్తలేదు.”