డాబా మీద చుక్క

బంటుమిల్లి లెక్కల మాస్టారు గోవర్ధనరావు డాబా మీద యాంటెనా పెట్టి, పైన వెళ్లే విమానాలు ఎక్కడున్నాయో నెట్‌లో అందరికీ చూపిస్తుంటాడు. ఆ సాయంత్రం ఒకావిడ ఫోన్ చేసింది.

“మా విమానం చూపించకండి సార్. ఎవరో మా వెంటపడుతున్నారు.”

“అందరికీ కనిపించేదే కదమ్మా,” అని విసుగ్గా పెట్టేశాడు.

రాత్రి పరీక్ష పేపర్లు దిద్ది, అలసిపోయి డాబా ఎక్కాడు. ఫోన్‌లో మ్యాప్ తెరిస్తే సరిగ్గా తన ఇంటి మీదే ఒక చుక్క ఉంది. ఆకాశంలో దీపం లేదు, చప్పుడు లేదు. చుక్కను నొక్కితే, విమానం నంబరు ఉండాల్సిన చోట అతని పేరుంది.

గబగబా ఐదు మెట్లు దిగాడు. ఫోన్‌లో చుక్క పక్కన చూపించే ఎత్తు మూడు అడుగులు తగ్గింది. దాని కింద ‘చూస్తున్నవారు: పదకొండు’ అని ఉంది.

“ఇంకా పడుకోరేంటండీ?” లోపల్నుంచి భార్య అడిగింది.

కదలడానికి భయమేసి, ఆ మెట్టు మీదే కూలబడ్డాడు. చూస్తున్నవారు నలభై అయ్యారు.